ఆగిపోయిన మాటకు ఊఁ కొట్టాను

ఆ సాయంత్రం అన్నం తింటూ బడి ముచ్చట చెబుతున్న మా శ్రావ్య మధ్యలో ఆగిపోయింది. పక్కనే ఉన్న నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. కేసముద్రం మార్కెట్‌లో ఆనాటి మిర్చి ధరలు ఫోన్‌లో కొట్టి పత్రికకు పంపుతున్నాను.

"ఎవలకు ఊఁ కొడ్తున్నవ్? పిల్ల మాట్లాడ్తనే లేదు గదా!" అంది వంటింట్లోంచి వచ్చిన నా భార్య సునీత.

తలెత్తాను. ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో ముద్ద అలాగే ఉంది, చూపు గోడ మీద నిలిచిపోయింది. పిలిస్తే పలకలేదు. కొన్ని క్షణాలకు రెప్పలార్పి, "బాపూ, ఏడిదాంక చెప్పిన?" అంది.

ఊఁ కొట్టకపోతే శ్రావ్య అలుగుతుంది. ఇరవై ఏళ్లుగా విలేకరిని, వినకుండా ఊఁ కొట్టడం నాకు బాగా అలవాటైంది. క్లాసులో పిలిస్తే ఒక్కోసారి పలకదని టీచర్ చెప్పినప్పుడు, పరధ్యానమని పిల్లనే కసిరాను.

మహబూబాబాద్‌లో పిల్లల డాక్టర్ మమ్మల్ని వరంగల్‌లోని న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె మొదట అడిగారు: "ఇలా ఆగిపోవడం ఎప్పటినుంచి? రోజుకు ఎన్నిసార్లు?" ఎక్కడ ప్రమాదం జరిగినా సమయంతో సహా రాసేవాణ్ణి, సునీత వైపు చూశాను.

మెదడు తరంగాలు చూసే ఈఈజీ గదిలో తలకు వైర్లు అంటించి, "గట్టిగ ఊదు బిడ్డా, ఆపకు" అన్నాడు టెక్నీషియన్. అలా ఊదితే ఇది బయటపడుతుందట. ఊదుతూ ఊదుతూ పిల్ల చూపు మళ్లీ నిలిచిపోయింది.

"ఆబ్సెన్స్ సీజర్స్. ఇవీ ఫిట్సే, కానీ కింద పడి కొట్టుకునేవి కావు, కొన్ని సెకన్లే ఉంటాయి. దగ్గరుండి చూస్తేనే తెలుస్తాయి" అన్నారు డాక్టర్. సిరప్ రాసి, "మీకూ ఒక పని. రోజూ ఎన్ని వచ్చాయో రాసుకుని రండి" అన్నారు.

వార్తలు రాసుకునే నోట్‌బుక్‌ను వెనక నుంచి తెరిచాను. భోజనం వేళ ఫోన్ బియ్యం డబ్బా మీదకు చేరింది. పిల్ల ఆగిన ప్రతిసారీ ఒక గీత. మొదటి రోజు ఆరు గీతలు. అలా చూస్తూ కూర్చుంటే ఇంకొన్ని కూడా తెలిశాయి. అబద్ధమాడేటప్పుడు పిల్ల చెవి గీరుకుంటుంది. టీచర్ నడకను అచ్చం దింపేస్తుంది.

"గట్ల గుడ్లప్పగించి చూడకు బాపూ, నవ్వొస్తది."

"డాక్టరమ్మ చెప్పింది బిడ్డా, నేనేం జెయ్యాలె!"

గీతలు తగ్గాయి. ఇంతలో నర్సింహులపేటలో పెళ్లికి పోతూ సిరప్ సీసా ఇంట్లో మరిచాం. రెండు డోసులు తప్పాయి, మరునాడు మూడు గీతలు పడ్డాయి. "బాగైందనిపించినా డోస్ తప్పొద్దు" అన్నారు డాక్టర్.

ఇప్పుడు నాలుగు నెలలుగా ఆ పేజీలు ఖాళీ. గీతల పని లేకపోయినా ఫోన్ బియ్యం డబ్బా మీదే ఉంటోంది. మిర్చి ధరలు అరగంట ఆలస్యంగా వెళుతున్నాయి, పత్రికలో ఎవరూ అడగలేదు.

పిల్లలు మాట మధ్యలో ఆగితే కసరకండి. ముఖం చూసి, పేరు పెట్టి పిలవండి. పలకకపోతే వీడియో తీసి డాక్టర్‌కు చూపండి.

శ్రావ్య ఆస్పత్రి ఫైల్ మొదటి పేజీలో 'ఎప్పుడు మొదలైంది' అన్న గడి మాత్రం ఇంకా నింపలేదు. అది నాకు తెలియదు.