అరికాలి దిష్టిచుక్క

ఆంత్రోపాలజీలో మాస్టర్స్ చేసిన రెండేళ్లూ నేను సంకేతాల గురించే చదివాను. బొట్టు, గాజులు, గడపకు పూసిన పసుపు మనుషుల మధ్య ఏం చెబుతాయో పేజీలకు పేజీలు రాశాను. నా పాపకు నేనే పెట్టిన దిష్టిచుక్క గురించి మాత్రం సమయానికి ఒక్క మాట సరిగ్గా చెప్పలేకపోయాను.

పాపకు అప్పుడు ఏడో నెల. అమెరికాలో, ఫ్రిస్కోలోని మా ఇంటికి దగ్గర్లోని డేకేర్‌లో చేర్చాం. బుగ్గన చుక్క పెడితే అందరూ అడుగుతారని సిగ్గుపడి, అరికాల్లో పెట్టి సాక్సు తొడిగేదాన్ని. అమ్మ పంపిన ఆముదం కాటుక అది. దాచిపెట్టిన నల్లమచ్చ ఇంకా అనుమానం కలిగిస్తుందని నా బుర్రకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది కొత్తగా చేరిన టీచరు. సాక్సు మారుస్తూ మచ్చ చూసిందట. దెబ్బో, కాలిన మచ్చో తెలియడం లేదనీ, అలాంటిది కనిపిస్తే పిల్లల రక్షణ శాఖకు ఫోన్ చేసి చెప్పక తప్పదనీ అంది. పాపను నా దగ్గర్నుంచి తీసుకుపోతారేమోనన్న భయంతో, ఆవిడను తిట్టుకుంటూ, కారు ఎలా నడిపానో నాకే తెలియదు.

వెళ్లగానే లెక్చరు మొదలుపెట్టాను. ముద్దొచ్చే బిడ్డకు కావాలనే ఒక లోపం పెడతామనీ, చెడు చూపు దానిమీద పడి బిడ్డను వదిలేస్తుందనీ చెప్పాను.

"కావాలనే పెడతారా?" అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

నోరు మూసుకుని ఉంటే బాగుండేదనిపించింది. ఈలోగా ఆఫీస్ నుంచి మా ఆయన ఫోన్. సంగతి గొణిగాను.

"అబ్బా, నీ థియరీ ఆపు. జస్ట్ వైప్ చేసి చూపించు," అన్నాడు.

తడి వైప్‌తో రుద్దాను. ఆముదం కాటుక నీళ్లకు లొంగుతుందా? కదల్లేదు. చక్కిలిగింతలకు పాప నవ్వుతోంది. టీచరు ఫిర్యాదు ఫారం దగ్గరికి లాక్కుంది. ఇంట్లో కాటుక దేనితో తీస్తానో అప్పటికి గుర్తొచ్చింది. బ్యాగులోంచి కొబ్బరినూనె తీసి రెండు చుక్కలు వేసి రుద్దాను. వైప్ నల్లబడింది. లేత పాదం శుభ్రంగా బయటపడింది.

టీచరు కుర్చీలో కూలబడింది. "ఆ ఫోన్ నేనే చేయాల్సి వస్తుందేమోనని ఇందాకటి నుంచీ గుండె దడగా ఉంది," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. నా బిడ్డ పాదాన్ని ఇంత శ్రద్ధగా చూసే మనిషినా దారంతా తిట్టుకున్నాననిపించింది.

నేను బయల్దేరుతుంటే ఆవిడ అడిగింది. "ఇంతకీ ఆ చుక్క నిజంగా పని చేస్తుందా?"

నా చదువులో దానికి జవాబులు చాలానే ఉన్నాయి. పాపను భుజాన వేసుకున్నాను.

"ఇవాళ పాప నాతో ఇంటికొస్తోంది కదా," అన్నాను.