ఇల్లు నడిచొచ్చిన రోజు

పక్క స్థలంలో మేడ కడుతున్న కూలీలు నిన్న బోదగడ్డితో కొట్టం వేసుకున్నారు. రాత్రి వాన పడింది. పొద్దున్నే తడిసిన గడ్డి వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఖాసింబీ అక్క గుర్తొస్తే ఈ వయసులో కూడా నాకు కాలు నిలవదు! అప్పుడే మా అమ్మాయి వచ్చి, మా మేడ మీది గదికి ఎవరో ఎక్కువ అద్దె ఇస్తామంటున్నారు, ఉన్నవాళ్లను పంపేద్దామా అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయన కమలాపురం నుంచి గుమాస్తాగా ఇక్కడికి వచ్చాడు. ఆఫీసే గుడారంలో ఉంటే గుమాస్తాకు ఇల్లెక్కడిది! పెద్ద ఉద్యోగులకు ఇవ్వడం కోసం యజమానులు పాతవాళ్లను ఖాళీ చేయిస్తున్నారు. అలా ఏళ్లుగా ఉన్న గదిలోంచి వీధిన పడిన మనిషి ఖాసింబీ. భర్త లేడు, ఇటుకలు మోసి బతికేది. హంద్రీ ఒడ్డున ఆమె కొట్టం పక్కనే మేమూ ఒకటి వేసుకున్నాం. మొదటి రోజు నేను ముక్కు చీదుతూ, ఇదీ ఒక ఇల్లేనా అన్నాను. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమ్మా, నేనేమన్నా సరదాకి వచ్చినానా ఈడికి? ఆ మేడలకి ఇటుకలు మోసేది మేమే, మాకు మాత్రం యాడా చోటు లేదు. లెయ్, అన్నం తిను."

తిట్టి అన్నం పెట్టే మనిషి నాకు అంతకు ముందు తెలియదు. నచ్చేసింది.

నాకు నెలలు నిండాయి. సరిగ్గా నొప్పులు మొదలైన పొద్దునే, అక్కడ రోడ్డు పడుతుంది, వెంటనే ఖాళీ చేయకపోతే పడగొట్టేస్తామని సర్కారు మనుషులొచ్చి చెప్పారు. విప్పి మళ్లీ కట్టే వ్యవధి ఎక్కడుంది? మా వైపు పశువుల కొట్టం జరపాలంటే కప్పు విప్పరు, అమాంతం ఎత్తి మోసుకుపోతారు. నేను ఆ మాట అనగానే ఖాసింబీ కొంగు బిగించింది.

"ముందు ఈ యమ్మ కప్పు ఎత్తండప్పా! నువ్వు దాని కిందనే నడువమ్మా, ఎండ శానా ఉండాది."

చుట్టుపక్కల కొట్టాల మగవాళ్లు గుంజల తాళ్లు తెంచారు. హైసా అంటూ పదిమంది భుజాల మీదికి కప్పు లేచింది! దాని నీడలో ఆమె చెయ్యి పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, నేను మహారాణిలా నడిచాను. భోజనానికి వస్తున్న మా ఆయన, తన ఇల్లు తనకే ఎదురు రావడం చూసి నోరు తెరిచాడు. ఖాసింబీ ఊరుకుంటుందా!

"ఏమప్పా, చూస్తాండావు? నీ ఇల్లే, భుజం పెట్టు!"

అంత నొప్పిలోనూ పగలబడి నవ్వాను. ఇటుక బట్టీ అవతల కప్పు దించి గుంజలు పాతారో లేదో, ఖాసింబీ చేతుల్లోకే మా అమ్మాయి వచ్చి పడింది.

మగవాళ్లు ఆమె కొట్టం కోసం తిరిగి వెళ్లేసరికి అది నేలమట్టమైంది. "నాదేముంది, గడ్డే కదా," అని బిడ్డకు నీళ్లు పోస్తూనే ఉంది. ఆ రాత్రి మా కొట్టంలోనే పడుకుంది. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, మేమూ పోయాం, కప్పు ఆమెకు వదిలాం. తిరిగొచ్చి ఇక్కడే కర్నూల్లో ఇల్లు కట్టుకున్నాక ఎంత వెతికినా ఆమె కనిపించలేదు.

ఇందాకే లేచి వెళ్లి అమ్మాయికి చెప్పాను: "నువ్వు పుట్టడానికి ఒకామె తన ఇల్లు పోగొట్టుకుంది. మేడ మీదివాళ్లు ఎక్కడికీ పోరు."