అన్నం గట్టు

పెదమావయ్య గుర్తొస్తే నాకిప్పటికీ పప్పుచారు సయించదు. ఆయన బందరులో హిస్టరీ లెక్చరర్. డచ్చివాళ్ళకీ బెల్జియంవాళ్ళకీ యుద్ధమొస్తే ఎవరు గెలుస్తారని భోజనాల దగ్గర రోజూ అదే ముచ్చట. కంచంలో అన్నాన్ని గట్టులా పేర్చి, మధ్యలో చారు పోసుకునేవాడు.

"బెల్జియంవాడికి ఎంత సైన్యమైనా ఉండనీ. డచ్చివాడు సముద్రం గట్టు తెంపి వాణ్ణి నీళ్ళలో ముంచేస్తాడు, అంతే!" అంటూ వేలితో అన్నం గట్టు తెంపేవాడు.

బంటుమిల్లిలో పెదమావయ్య రొయ్యల చెరువు పక్కనున్న తన చేను చినమావయ్య లీజుకివ్వనన్నాడు. పెదమావయ్య చెరువు గట్టు తెంపించాడు. ఉప్పునీళ్ళకి పొట్టకొచ్చిన వరి అంతా మాడిపోయింది.

"ఏంటన్నయ్యా ఇది?" అని చినమావయ్య వచ్చి ఏడ్చాడు.

"ముందు అన్నం తినరా."

పెదమావయ్యే వడ్డించాడు. గట్టు కట్టాడు, చారు పోశాడు. పొద్దుటినుంచీ ఏమీ తినని చినమావయ్య, కళ్ళు తుడుచుకుని వేలితో గట్టు తెంపాడు.

"చూశావా, ఎంత సులువో!" అని పెదమావయ్య నవ్వాడు.