అత్త చేతుల వాసన

మొన్న ఒక పెళ్ళికి వెళ్తూ తెనాలి స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చున్నాను. ఒకాయన బకెట్లో ఫినాయిల్ కలుపుకొచ్చి ప్లాట్‌ఫారం తుడవడం మొదలుపెట్టాడు. బెంచీ కింద నుంచి అరచేయంత పిల్లిపిల్ల ఒకటి బయటికొచ్చింది. ఆ తడిలో నడుచుకుంటూ పోయి, ఎండలో కూర్చుని, కాలు పైకెత్తి నాకబోయింది. నేను పరుగెత్తి దాన్ని పట్టుకుని, మంచినీళ్ళ సీసా వంచి నాలుగు పాదాలూ కడిగి, పట్టుచీర కొంగుతో తుడిచాను. పక్కనున్నావిడ, "ఏంటండీ, అల్లుడికి కడిగినట్టు కడుగుతున్నారు" అంది. "అల్లుడికైతే ఇంత శ్రద్ధగా కడగనండీ" అన్నాను. ఆవిడ సంచీ తీసుకుని వేరే బెంచీకి మారిపోయింది. ఆ వాసన మాత్రం బండెక్కినా నన్ను వదల్లేదు.

మా మేనత్త బాపట్లలో ఉండేది. ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడ జీవితంలో గట్టిగా నమ్మినవి రెండే: దేవుడు, ఫినాయిల్. ఏది ముందో నేను చెప్పను. రిటైరయ్యాక, రైలు కట్ట పక్కన నలుగురు కలిసి నడిపే జంతువుల షెల్టర్‌లో పిల్లుల గది ఆవిడ చేతికొచ్చింది. నేను తెనాలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ శనివారాలు సాయానికి వెళ్ళేదాన్ని. సాయం కంటే వాదన ఎక్కువ చేస్తానని అత్త ఫిర్యాదు. కుక్కలు కరిచిన పిల్లిపిల్లలు, ఆటోల కింద నలిగినవి అట్టపెట్టెల్లో వచ్చేవి. వార్డులో రోగుల్ని ఊరి పేర్లతో పిలిచిన అలవాటు కొద్దీ, అత్త వాటినీ దొరికిన ఊరి పేరుతోనే పిలిచేది. "దుగ్గిరాలకి కట్టు మార్చావా? వాడరేవు చేప తిందా?" అని కేకలు. ఒకసారి చర్చిలో దుగ్గిరాల కోసం ప్రార్థన చెయ్యమని కోరితే, పాస్టరుగారు ఆ ఊరికి ఏదో ఆపద వచ్చిందనుకుని పంటల కోసం, కాలువల కోసం చాలాసేపు ప్రార్థించారు.

ఆ దుగ్గిరాలే ముందు పోయింది. కుక్క కాటు మానిపోయింది, కొత్త చర్మం మీద నూగు కూడా మొలిచింది. ఒక ఉదయం చేప ముట్టలేదు. నోటి నుంచి తీగలా చొంగ, నడవబోతే తూలుడు. తర్వాత వాడరేవు కూడా అంతే. గాయంతో వచ్చి చస్తే అర్థముంది, గాయం మానాక చావడమేంటి? "జబ్బు ఈ గదిని పట్టుకుందే" అని అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గోడల మొదళ్ళ దాకా కడిగేది. మూతతో కొలిచి పొయ్యడం పోయి, సీసా వంచడం వచ్చింది. ఒకటి పోయినప్పుడల్లా గది ఇంకాస్త శుభ్రమయ్యేది. పాలలాంటి తెల్లటి నీళ్ళు తలుపు కింద నుంచి బయటికొచ్చి వరండాలో నిలిచేవి.

నా అనుమానం గోడవతల ఇంటాయన మీద. రిటైరయిన గుమాస్తా. పిల్లుల కంపు వంటింట్లోకి వస్తోందనీ, ఏదో ఒకరోజు వాటి సంగతి తనే చూసుకోవాల్సి వస్తుందనీ అన్నాడు. నేను గోడ దగ్గరికి వెళ్ళి అడిగేశాను.

"బాబాయిగారూ, గోడ మీంచి మా పిల్లులకి ఏం విసురుతున్నారు?"

"నేను విసరడమేంటమ్మా? నేనే షుగరుతో తినలేక ఛస్తుంటే పిల్లులకి విందులా?"

"మరెందుకు చస్తున్నాయండీ?"

"నన్నడుగుతావేంటి? మా అటక మీద దొంగపిల్లి సంసారం పెట్టింది. చీపురుతో కొట్టినా దాని పిల్లలు ఒక్కటీ చావట్లేదు. మీ దగ్గర సేవలు ఎక్కువైపోయి చస్తున్నాయేమో."

ఆ ఎత్తిపొడుపుకి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

అలాంటి రోజుల్లో రేపల్లె వచ్చింది. అక్కడెవరో కారు స్టార్ట్ చేస్తే ఇంజన్లోంచి కేక వినబడిందట. వెనక కాలు విరిగిన చారల పిల్ల. బుట్టలో పెట్టి రైల్లో నేనే తీసుకొచ్చాను. దారంతా నా చిటికెన వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. అత్త ఐస్‌క్రీమ్ పుల్లలు ఆనించి కట్టు కట్టింది. "ఇది పోకూడదే" అంది. రోగి గురించి ఆవిడ అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. కట్టు విప్పే వేళకి దానికీ చొంగ మొదలైంది.

మా వైపు పశువుల డాక్టర్లు గేదెలకి అలవాటుపడ్డవాళ్ళు. తెనాలిలో పిల్లుల్ని చూసే డాక్టరమ్మ ఒకావిడ కొత్తగా వచ్చిందంటే, బుట్ట ఒళ్ళో పెట్టుకుని అత్త కూడా బయల్దేరింది. డాక్టరమ్మ రేపల్లె నోరు తెరిచి చూసింది. నాలుక మీద పుండ్లు. తర్వాత పాదం ఎత్తి వాసన చూసింది.

"మామ్మగారూ, గది దేంతో కడుగుతున్నారండీ?"

"ఫినాయిల్‌తోనమ్మా, పొద్దున్నా సాయంత్రమూ. ఆసుపత్రి కన్నా శుభ్రంగా ఉంచుతాను" అంది అత్త, కాస్త గర్వంగానే.

డాక్టరమ్మ ఆ పాదాన్ని మెల్లగా కింద పెట్టింది. "మన నేలలకి మంచిదేనండి. పిల్లులకి విషం. పాదాలకి అంటుకున్నది నాకి మింగుతాయి. వాటి లివరు దాన్ని అరిగించలేదండి" అంది.

అత్త రెండు చేతులూ ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసుకుంది. రేపల్లె తూలుతూనే లేచి, ఆ చేతుల్ని నాకడానికి మెడ చాచింది. అత్త వాటిని వెనక్కి దాచేసుకుంది.

రేపల్లె బతికింది. ఇప్పుడు మా ఇంట్లో కుంటుతూ పెత్తనం చేస్తోంది. పిల్లుల గదిలోకి వేణ్ణీళ్ళూ సబ్బూ వచ్చాయి, చావులు ఆగిపోయాయి. గోడవతలాయనకి నేను క్షమాపణ చెప్పలేదు. దేనికో ఒకదానికి ఆ తిట్లు ఆయనకి చెల్లిపోతాయి. అత్తే మారిపోయింది. శనివారం నేను వెళ్ళేసరికి గది గుమ్మం బయట నిలబడి చేతులు చాపేది. "వాసన చూడవే."

"సబ్బు వాసనేనత్తా. తెలియక చేసినదానికి ఇంత పట్టింపేంటి?"

"తెలిసుంటే మానేసేదాన్నిగా. తెలియకే అన్నిటినీ చంపాను. సరిగ్గా చూడు."

ఆ వాదనలో నేను ఒక్కసారీ గెలవలేదు. కళ్ళ డాక్టరు కోసం విజయవాడ తీసుకెళ్తుంటే, దుగ్గిరాల స్టేషను వచ్చేసరికి అత్త కిటికీ రెక్క దించేసింది.

చివరికి ఆవిడా ఆసుపత్రి మంచం మీదే. పొద్దున్నే వార్డు తుడిచి వెళ్ళారు. గోడలూ దుప్పట్లూ గాలీ అంతా అదే వాసన. అత్త కళ్ళు తెరవకుండానే చేతులు నా వైపు చాపింది. "వస్తోందా?" అంది. మాటకి మాట వదలని మనిషిని నేను. ఆ చేతులు మొహానికి ఆనించుకుని, "లేదత్తా, ఏ వాసనా లేదు" అన్నాను.

కాలం అన్నిటినీ కడిగేస్తుందంటారు. దేంతో కడుగుతుందో మాత్రం ఎవరూ అడగరు.