ఎనిమిది మూలల గడియారం

ఈ మధ్య శుభకార్యాల్లో పంచే స్టీలు డబ్బాల మీద పేర్లు చెక్కించడం మానేశారు. స్టిక్కరు అంటించి ఇచ్చేస్తున్నారు. నాలుగుసార్లు తోమితే ఇచ్చినవాళ్ళూ లేరు, పుచ్చుకున్నవాళ్ళూ లేరు. మా ఇంట్లో చెంచా మీద కూడా చుక్కచుక్కలుగా పేరు పొడిచి ఉంటుంది. గిన్నె ఎవరిదని తగాదా వస్తే తిరగేసి చూస్తారు. ఆ తర్వాత వాదన ఉండదు.

నేను చెప్పబోయేది గడియారం గురించి. అక్కడికే వస్తున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, ఒక స్విట్జర్లాండు చేతిగడియారం కొన్నాడు. ముఖం చుట్టూ ఎనిమిది మూలల పట్టీ, మూలకొక మరమేకు, లోపలంతా సన్నని గళ్ళు. ధర నేను అడగలేదు. ఆయన చెప్పకుండా ఉండలేదు. ఒక్కసారి చూస్తానంటే, "చూడబ్బా, కింద మాత్రం పెట్టబాక" అన్నాడు. నేను మద్రాసులో, మైలాపూరులో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తాను. చదివింది బీకాం. గడియారాలు చేయడానికి అది చాలదని నాకూ తెలుసు. అయినా ఇలాంటిది నేనే చేసుకుంటానని అందరి ముందూ అనేశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మానేసేవాణ్ణేమో.

లోపలి యంత్రం కూడా నేనే చేస్తానని అనుకోలేదు. ఆ మాత్రం వినయం ఉంది. అమ్మ బీరువాలో నాన్న గడియారం ఉంది, రోజూ కీ ఇచ్చే రకం. నాన్న పోయాక దానికి ఎవరూ కీ ఇవ్వలేదు. పైడబ్బా తుప్పుపట్టింది, అద్దం పగిలింది. అడిగితే అమ్మ దాన్ని కొంగుతో తుడుస్తూ కాసేపు కూర్చుంది.

"మళ్ళా నడిస్తే చాలు. చెడగొట్టినావంటే మాత్రం నాకు చెప్పబాక" అని చేతిలో పెట్టింది.

ఆ క్షణం నుంచి బావ గడియారం నాకు పెద్దగా గుర్తుకు రాలేదు.

యంత్రాన్ని మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన కడిగి, నూనె వేసి, నడిపించి ఇచ్చాడు. తక్కినది నా పూచీ. వ్యాసర్పాడిలో లేతు పట్టించి స్టీలు బిళ్ళను తొలిపించుకొచ్చాను. మేడ మీద కూర్చుని ఆకురాయితో మూలలు తీశాను. మొదటి బిళ్ళకు ఏడే వచ్చాయి. ఇప్పుడది ఆఫీసులో కాగితాలు ఎగరకుండా చూస్తోంది. మరలూ అద్దమూ కళ్ళజోళ్ళ కొట్లో బతిమాలి తెచ్చాను. ముఖం పాత టిఫిన్ డబ్బా మూతలోంచి కోశాను.

దాని మీద గళ్ళు కావాలి. పురసవాక్కంలో పాత్రల అంగట్లో పేర్లు పొడిచే ఆయన దగ్గరికి వెళ్ళాను. గళ్ళు ముద్దుగా వచ్చాయి. తలెత్తకుండా "ఇనిషియలు?" అన్నాడు. రసీదులోకి అనుకుని, ఈ ఊళ్ళో ఇనిషియలంటే నాన్న పేరే గనక, దాని మొదటి అక్షరం చెప్పాను. గుయ్యిమని చప్పుడైంది. చూస్తే పన్నెండు ఉండాల్సిన చోట ఆ అక్షరం, తమిళంలో, చుక్కలతో.

"పేరు లేకుండా ఎవరైనా తీసుకుపోతారా సార్?" అన్నాడాయన తమిళంలోనే, నన్ను జాలిగా చూస్తూ.

అన్నీ బిగించి కీ ఇచ్చాను. టిక్కుటిక్కుమంది. నేను ఆడిట్లు చేసేవాణ్ణి, ఊరికే పొంగిపోను. మేడ దిగి వచ్చి, ఎందుకు దిగానో తెలియక మళ్ళీ ఎక్కాను, అంతే.

ఆదివారం అక్కా బావా భోజనానికి వచ్చారు. బావ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఏమబ్బా, నీ మరలు తలా ఒక దిక్కు చూస్తా ఉండాయే?"

"ఎనిమిది దిక్కులుండాయి గదా బావా. వాస్తు చూసి పెట్టినా."

అక్క ఫక్కుమంది. బావ నవ్వలేదు. "ఒకసారి ఇట్లా ఇయ్యి" అని చెయ్యి చాచాడు.

"చూడు బావా, కింద మాత్రం పెట్టబాక" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ సంతకమూ నాకంత తృప్తినివ్వలేదు.

ఈలోగా అమ్మ వంటింట్లోంచి వచ్చి, బావ చేతిలోంచి దాన్ని తీసుకుని చెవికి ఆనించుకుంది. ఎంతకీ తియ్యలేదు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసి, అద్దం మీద, సరిగ్గా ఆ అక్షరం ఉన్నచోట, బొటనవేలు పెట్టింది. కొంగులో చుట్టుకుని నేరుగా బీరువా దగ్గరికి నడిచింది.

"అమ్మా, రేపు ఆఫీసుకు కట్టుకుపోవాల నేను" అన్నాను.

అమ్మ బీరువా తాళం తిప్పుతూనే అంది.

"మీ నాయన పేరుండేది నీదెట్లా అవుతాదిరా?"