ఒక్కటి కావాలంటే మూడడగమన్నాను

సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు మీద, నడిగూడెం దారి చీలే చోట అక్క హోటల్ ఉండేది. నాకు సొంత అక్క కాదు, ఊరందరికీ అక్కే. ఆమె మామ తాటాకు పందిరి కింద చాయ్‌తో మొదలుపెడితే, ఆమె రేకులు వేసి పూరీల దాకా తెచ్చింది. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్లు అక్కడ ఆగేవి. డ్రైవర్‌కు, కండక్టర్‌కు టిఫిన్ ఉచితం కాబట్టి బస్సులూ ఆగేవి. దిగినవాళ్లు పక్కనున్న మా కిరాణా కొట్టులో సబ్బో బిస్కెట్టో కొనేవాళ్లు. ఆమె పూరీల మీదే మా ఇల్లూ నడిచింది. ఆ మాట అప్పట్లో ఒప్పుకోలేదు.

రోడ్డు వెడల్పు చేస్తూ మధ్యలో డివైడర్ కడతామన్నారు. హోటల్ ఎదురుగా ఒక్క సందు వదిలితే అవతలి బస్సులు తిరిగొస్తాయి, లేకుంటే హోటల్ ఖతం. అర్జీ రాయడానికి ఊరు నన్ను పిలిచింది. బేరం నాకు ఉగ్గుపాలతో పట్టారని వాళ్ల నమ్మకం. నాదీ అదే.

"ఒక్కటి కావాలంటే మూడడగాలె. కోసి కోసి ఆఖరుకు ఒకటిస్తరు," అన్నాను.

"తమ్మీ, ఆఫీసరు చీరెల దుకాణపాయన గాదు. ఒక్కటే అడుగుదం," అంది అక్క.

"నువ్వు పూరీలు సూసుకో అక్కా. గిది నా పని."

మూడు రాశాను. హోటల్ ముందు, బడి ముందు, సంఖ్య నిండాలి కనుక శ్మశానం దారి దగ్గర. ఊరంతా సంతకాలు పెట్టింది. అక్క అందరికంటే చివర పెట్టింది.

ఆఫీసరు బేరమాడలేదు. కాగితం చూసి, "మూడింట్లో ఒకటే ఇయ్యగలం. జాగ ఎక్కువున్నది శ్మశానం దగ్గరనే. మీరు అడిగిందే గదా," అన్నాడు. నేను నోరు తెరిచేలోగా జీపు కదిలింది.

ఇప్పుడు మా ఊళ్లో పోయినవాళ్లు మాత్రం సుఖంగా రోడ్డు దాటుతారు. అవతలి బస్సులు ఇటు తిరగలేదు. హోటల్ ఏడాది ఈడ్చి మూతపడింది, వెనకే మా కొట్టు.

మొన్న కోదాడలో టిఫిన్‌కు ఆగితే, ఎవరిదో బండి దగ్గర పూరీలు వత్తుతూ అక్క.

"కూసోండి సార్. ఎన్ని?" అంది. తమ్మీ అనలేదు.

"ఒక్కటి చాలు అక్కా."

"ఒక్కటి కావాలంటే మూడడగాలె గద సార్."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మూడు పూరీలు వేసి ప్లేటు నా ముందు పెట్టింది.