లచ్చవ్వ మిద్దె మీది గాలి

నిన్న కొత్త మిక్సీ డబ్బాలోంచి థర్మోకోల్ ముక్క లాగుతుంటే కిర్రుమంది. పళ్లు జివ్వుమన్నాయి, వెంటనే రాజమల్లు సారు గుర్తొచ్చారు. చొప్పదండి బడిలో మాకు సైన్సు చెప్పిన సారు ఆయన. దుకాణాల వెనక పారేసిన థర్మోకోల్ ఏరుకొచ్చి, బ్లేడుతో కోయించి, ముక్కుకు బంకమట్టి అంటించి మా చేత గ్లైడర్లు చేయించేవారు. ఇంజను లేని విమానం గాలిని బతిమాలుకుంటూ పోవాలనేవారు. ఆయన మాత్రం ఎవరు బతిమాలినా వినే రకం కాదు.

బడి గోడను ఆనుకునే లచ్చవ్వ మిద్దె. మిరప కోతల కాలంలో దాని మీద ఎండబోసిన కాయలతో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఒకసారి ఎవరి గ్లైడరో పోయి ఆమె వడియాల పిండిలో దిగింది. ఆమె చేసిన లొల్లికి హెడ్మాస్టరు, ఎవరిది ఎక్కువ దూరం పోతుందని సారు పెట్టే పోటీలే ఆపేయబోయారు. సారు ఆమెకు మాటిచ్చి ఒక రూలు పెట్టారు. ఆ మిద్దె మీది గాలి మనది కాదు, అంచు దాటినా సున్నా. కాపలా ఎవరూ ఉండరు. దూరం రాసే ముందు సారు అడుగుతారు, ఎగరేసినవాళ్లే నిజం చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో, గెలిచినవాళ్లను మంచిర్యాల పోటీకి రైల్లో తీసుకుపోతామన్నారు. అంతవరకు రైలెక్కని నాకు పోటీ కన్నా రైలు మీదే ప్రాణం. నేను విసిరిన గ్లైడరును గాలి పక్కకు తోసి, చింతచెట్టు చాటున మిద్దె మూల మీదుగా తిప్పి, అందరికంటే దూరంగా మైదానంలో దించింది. సారు కలం తీసి అడిగారు. మిద్దె మీదికి పోలేదు సార్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడే మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తున్న లచ్చవ్వ పిట్టగోడ మీద నుంచి వంగింది. "ఎంత మంచిగ పోయింది బిడ్డా, నా మిరపకాయల మీదికెల్లి. నాకు సుత గాలి తాకింది" అంది. మెచ్చుకోవడానికే పాపం. నా ముఖం చూశాక సంగతి అర్థమై సర్దబోయింది. మిద్దె తనది, గాలి తనది, తనకు లేని బాధ సారుకెందుకని వాదించింది. తనే రమ్మన్నదనుకొమ్మంది.

సారు నిజంగానే కాసేపు ఆలోచించారు. "పోకముందు రమ్మంటే సరే లచ్చవ్వా. పోయినంక రమ్మంటే ఎట్ల?" అని నా పేరు పక్కన సున్నా చుట్టారు. అబద్ధానికి వేరే శిక్ష. ఇకపై ప్రతి పోటీకీ నేను మిద్దె ఎక్కి, దాటినవాళ్లను చూసి ఎర్రగుడ్డ లేపాలి. ఆ మిరపకాయల మధ్య కూర్చుని ఎంత ఏడ్చానో. తుమ్ములనుకున్నారు అందరూ.

మరుసటి ఏడాది మంచిర్యాలలో సార్లకు కూడా పోటీ పెట్టారు. రాజమల్లు సారు నెల రోజులు తిండి మరిచి ఒక గ్లైడర్ చెక్కారు. మా బడిలో ఎంపిక రోజున అది నేరుగా వచ్చి నా నెత్తి మీదుగానే పోయింది. చింతచెట్టు అడ్డం, కిందివాళ్లెవరికీ కనిపించలేదు. లచ్చవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "జర చూడనట్టుండు బిడ్డా. సారు పరేషానైతడు" అంది. మోచెయ్యి విడిపించుకుని గుడ్డ లేపాను.

సారు తన పేరు పక్కన సున్నా చుట్టుకుని, పైకి చూసి నవ్వారు. ఎవరు గెలిచినా ఆయన అంత నవ్వగా నేను చూడలేదు. "నీ శిక్ష అయిపోయింది. దిగు బిడ్డా" అన్నారు.

ఇప్పుడు మనుషులు నడిపే పెద్ద గ్లైడర్ల పోటీల్లో, నిషేధించిన గగనతలంలోకి ఎవరు దూరారో కంప్యూటరులో చూసి పాయింట్లు కోసేది నేనే. పైలట్లు బతిమాలతారు, గాలే తోసిందంటారు. నిజమే అయి ఉంటుంది, నన్నూ అదే తోసింది. సున్నా చుట్టే ముందు ప్రతిసారీ ఒక్క తుమ్ము వస్తుంది. దిగమని సారు చెప్పి ఎన్నేళ్లయిందో, నేనింకా ఆ మిద్దె దిగలేదు.